దుబాసీ నోట 'నేను'

మా పిన్ని వృత్తిలో 'నేను' అంటే నేను కాదు.

సాక్షి "నేను చూశాను" అంటే పిన్ని ఇంగ్లీషులో "నేను చూశాను" అనే అనాలి. "తాను చూశానని సాక్షి అంటున్నాడు" అనకూడదు. కోర్టు దుబాసీకి ఇది మొదటి నియమం. దొంగ మాట్లాడినంతసేపూ ఆమె దొంగ. మోసపోయినవాడు మాట్లాడితే మోసపోయినవాడు. సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ, "ఇవాళ పొద్దున్న ఒక గోడ కూలగొట్టాను, మధ్యాహ్నం విడాకులు తీసుకున్నాను" అనేది. కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే మా బాబాయి తల ఎత్తకుండానే, "విడాకులయ్యాయి గనక రాత్రి వంట నాదేనన్నమాట" అనేవాడు.

ఆ కోర్టులో పని ఇంగ్లీషులో జరుగుతుంది. అక్కడికి మనుషులు తెచ్చుకునే బాధలు మాత్రం ఎవరి భాషలో వాళ్ళవి. తెలుగులో బాధపడేవాళ్ళందరికీ పిన్నే నోరు. సాక్షి బోను పక్కన, బోను కర్రమీద మోచెయ్యి ఆనించి నిలబడేది. సాక్షి మాట్లాడుతున్నంతసేపూ పెదవి కదిలేది కాదు. బొటనవేలితో ఒక్కొక్క వేలినీ మడుస్తూ, మాట ముక్కల్ని వేళ్ళ కింద దాచుకుంటూ, వాక్యం పూర్తిగా ముగిశాక పిడికిలి విప్పి ఒక్కసారిగా ఇంగ్లీషులో చెప్పేది. ఆ నిశ్శబ్దాన్ని ఓర్చుకోలేని వకీళ్ళు ఆమెకు 'ఆఖరి మాటమ్మ' అని పేరు పెట్టారు. పిన్నికి ఆ పేరు నచ్చింది. తాను నోరు మూసుకున్నందుకు బిరుదు రావడం పుట్టింటివాళ్ళెవరూ నమ్మలేదని చెప్పుకునేది.

అంతసేపు ఆగడానికి కారణం బద్ధకం కాదు, రెండు భాషలు కట్టిన రెండు రకాల ఇళ్ళు. ఇంగ్లీషు ఇంటికి పేరు పలక వీధి గుమ్మం మీదే ఉంటుంది. నమ్మకమైతే నమ్మకం అని, ఆరోపణ అయితే ఆరోపణ అని, నిజమైతే నిజమని ముందు రాసి, 'దట్' అన్న చిన్న గడప దాటించి, ఆ తరువాతే అసలు సంగతిలోకి తీసుకువెళ్తారు. మన ఇంట్లో అలా కాదు. వసారా, హాలు, వంటిల్లు అన్నీ చూపించి, పెరట్లోకి తీసుకువెళ్ళి, అక్కడ 'అన్న' అనే ద్వారబంధం అవతల యజమానిని చూపిస్తాం. అతను నిజమో, పుకారో, భయమో, అబద్ధమో అప్పటిదాకా తెలియదు.

ఈ పాఠం పిన్నికి ఏ పంతులూ చెప్పలేదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు పక్కింటావిడతో అంటున్న మాటలు తలుపు చాటున చెవిన పడ్డాయి. "మా కోడలికి వంట రాదు, పెద్దంతరం చిన్నంతరం లేదు, పుట్టింటి గొప్పలు తప్ప మరో మాట లేదు..." పిన్ని అంతవరకు విని, లోపలికి పోయి, పెట్టె సర్దుకుని, భర్త దుకాణం నుంచి రాగానే, "నన్ను మా అమ్మ దగ్గర దింపండి" అంది. ఆయన తల్లిని నిలదీశాడు. ఆవిడ తెల్లబోయింది.

"ఒరే, మొత్తం వినమను. అన్న మాట ఇంకోసారి నీ నోట వింటే ఈ గడప తొక్కనివ్వను అన్నానురా ఆవిడతో. మూడొంతులు విని పెట్టె సర్దుకుంటే నేనేం చేసేది?"

ఆ తరువాత అత్తాకోడళ్ళు బతికినంతకాలం ఒక పొత్తు. ఏ పేచీ వచ్చినా అత్తగారు, "ఆగవే తల్లీ, ఇంకా 'అన్న' దగ్గరికి రాలేదు" అనేది. ఆ మాటే పిన్నికి కోర్టులో ఉద్యోగ సూత్రమయింది.

ఆ సూత్రానికి గండం గాజు గది రూపంలో వచ్చింది.

కోర్టు హాలు వెనక గోడకు ఆనించి ఒక చిన్న అద్దాల గది కట్టారు. లోపల కుర్చీ, బల్ల, మైకు, చెవులకు పెట్టుకునే ఫోన్లు. దుబాసీ ఇక బోను పక్కన నిలబడనవసరం లేదు. గదిలో కూర్చుని, సాక్షి మాట వింటూ వింటూనే ఇంగ్లీషు చెప్పాలి. ఆ ఇంగ్లీషు న్యాయమూర్తి చెవిలోకి, అక్కడి నుంచి నేరుగా రికార్డులోకి వెళ్తుంది. తెలుగు మాట గాలిలో కలిసిపోతుంది, రికార్డు కాదు. బల్లమీద ఒక దీపం ఉంది. దుబాసీ మాట్లాడుతుంటే ఆకుపచ్చ, ఆగితే పసుపు. పసుపు ఎక్కువసేపు వెలిగితే సూపరింటెండెంటు గదిలో గంట మోగుతుంది.

"చేపల తొట్టి బాగుందండీ," అంది పిన్ని. "మేత ఎప్పుడు వేస్తారు?"

సూపరింటెండెంటు నవ్వలేదు. ఆ దీపం ఆయన సొంత ఆలోచన. "మీ మౌనాలకే పూటకో విచారణ వాయిదా పడుతోందమ్మా. మాట వెంట మాట రావాలి."

"తెలుగులో అసలు మాట చివర వస్తుందండీ. రాకముందే ఎలా చెప్పేది?"

"మిగతా భాషలవాళ్ళు చెబుతున్నారు కదా."

"వాళ్ళ భాషలు వాళ్ళవి."

"అయితే మీ భాషను కొంచెం తొందరగా రమ్మనండి," అన్నాడాయన.

న్యాయశాస్త్రం చదివినదాన్ని గనక ఒక మాట అనక తప్పదు. విచారణ త్వరగా ముగియడం నిందితుడి హక్కు. అతని మాట పూర్తిగా వినబడడం అంతకన్న ముందున్న హక్కు. మొదటి హక్కు పేరు చెప్పి రెండో హక్కును మింగే ఏర్పాట్లన్నీ సంస్కరణల పేరుతోనే వస్తాయి. ఆ దీపాన్ని ఎవరూ చెడ్డ ఉద్దేశంతో పెట్టలేదు. అందుకే దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

పిన్ని కొన్నాళ్ళు ఆ గదిలో నరకం చూసింది. గంట మోగిన ప్రతిసారీ సూపరింటెండెంటు అద్దం అవతల ప్రత్యక్షమై చేతి గడియారం మీద వేలితో కొట్టేవాడు. చివరికి దుబాసీల గదిలో, మరో భాషకు నోరైన ఒక పెద్దావిడ చిట్కా చెప్పింది: "పేరు కోసం ఆగకు. ముందు 'ఫ్యాక్ట్' అని గోడకు ఒక మేకు కొట్టెయ్యి. తరువాత ఏ చొక్కా వస్తే ఆ చొక్కా దానికి తగిలించు."

ఫ్యాక్ట్ అంటే నిజం. ఆ మేకు ఎంత ప్రమాదమో పిన్నికి తెలియకపోలేదు. 'వాన కురిసిందన్న పుకారును అతను నమ్మలేదు' అంటే వాన సంగతి మనకింకా తెలియదు. 'వాన కురిసిందన్న నిజాన్ని అతను నమ్మలేదు' అంటే, అతను నమ్మినా మానినా వాన కురిసినట్టే. పేరు మారితే ఆకాశం మారిపోతుంది. అయినా, ఒక పక్కింటి ప్రహరీ తగాదాలో, దీపం పసుపుకు తిరుగుతుండగా, ఆమె మొదటిసారి ఆ మేకు కొట్టింది. ఏమీ కాలేదు. ఇంకొకటి కొట్టింది. గంట మోగడం తగ్గింది. సూపరింటెండెంటు ఒకసారి అద్దంలోంచి తల కూడా ఊపాడు.

"మెచ్చుకున్నాడే," అంది ఇంటికి వచ్చి. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం లేదని బాబాయి తరువాత నాతో అన్నాడు.

బాయిలరు మేస్త్రి కేసు ఆ రోజుల్లోనే విచారణకు వచ్చింది.

ఒక ఆసుపత్రి నేలమాళిగలో బట్టలుతికే విభాగం ఉంది. మంచాల మీది దుప్పట్లన్నీ అక్కడే ఉతికి, వేడి రోలర్ల మధ్య నలిపి ఆరబెడతారు. ఆ రోలర్లకు వేడినిచ్చే ఆవిరి పక్క గదిలోని బాయిలరు నుంచి గొట్టంలో వస్తుంది. గొట్టానికి ఇనుప చక్రం ఉన్న వాల్వు. చక్రం తిప్పే అధికారం మేస్త్రిది. రోలర్ల దగ్గర పని చేసేవాడు ఆయన భార్య తమ్ముడు. వేలు విడిచిన బంధువు కాదు. మేస్త్రి చేయి పట్టుకుని పనిలో పెట్టిన సొంత బావమరిది. గొట్టం అతుకు దగ్గర కారుతోందంటే విప్పి బిగించాలనుకున్నారు. మేస్త్రి చక్రం తిప్పి, "కట్టేశాను" అని కేక వేశాడు. బావమరిది అతుకు విప్పాడు. ఆవిరి బుస్సున వచ్చి అతని మెడనూ కుడిచేతినీ కాల్చేసింది.

మేస్త్రి చక్రాన్ని చివరిదాకా తిప్పలేదని, తొందరలో సగం తిప్పి వదిలేశాడని ప్రాసిక్యూషన్ వాదం. చివరిదాకా తిప్పాననీ, చక్రం చేతికింద బిగిసి ఆగిందనీ మేస్త్రి మాట. ఆ వాల్వును గొట్టం నుంచి కోసి, సీలు వేసి, కోర్టు సామాన్ల గదిలో ఉంచారు. దాన్ని విప్పి లోపల చూడాలని మేస్త్రి వకీలు అడిగాడు. అవసరం లేదన్నాడు ప్రాసిక్యూటరు. మేస్త్రి సాక్ష్యం విన్నాక తేలుస్తానన్నాడు న్యాయమూర్తి. అంటే, మేస్త్రి తన నోటితో తప్పు ఒప్పుకుంటే ఆ ఇనుప ముక్కను ఎవరూ విప్పరు. ఆయన జైలుకు వెళ్తాడు. ఒప్పుకోకపోతే విప్పుతారు. అంతా ఆయన నోటిమీద ఉంది. ఆయన నోరు మా పిన్ని దగ్గర ఉంది.

ఆ రోజు నేను హాలులో లేను. పిన్ని చెప్పినదీ, మేస్త్రి చెప్పినదీ, రికార్డులో నేను చదివినదీ కలిపి రాస్తున్నాను.

మేస్త్రి పొట్టి మనిషి. బోనులో నిలబడి కర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు, అదేదో తిరిగే వస్తువన్నట్టు. బావమరిది ముందు బెంచీ చివర, కాలిన మెడ గోడవైపు ఉండేలా కూర్చున్నాడు. ప్రమాదం తరువాత బావాబావమరుదులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మధ్యలో ఉన్న ఆడమనిషి, ఒకరికి భార్య, ఒకరికి అక్క, కోర్టుకే రాలేదు.

మేస్త్రి వకీలు అడిగాడు: "మీ బావమరిది అతుకు విప్పేటప్పుడు మీ మనసులో ఏముంది?"

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "వాడు అక్కడ చెయ్యి పెట్టేటప్పటికి, వాల్వు నేను పూర్తిగా మూయలేదన్న..."

అక్కడ ఆగాడు. బావమరిది కదిలాడో ఏమో, కాలిన మెడ కంటపడింది.

గాజు గదిలో పిన్ని బొటనవేలు చూపుడువేలిని మడిచి, మధ్యవేలి మీద ఆగింది. ఆమె చెవుల్లో మేస్త్రి ఊపిరి తప్ప మరేమీ లేదు. దీపం పసుపుకు తిరిగింది. అద్దం అవతల, తలుపు దగ్గర, సూపరింటెండెంటు లేచి నిలబడ్డాడు. న్యాయమూర్తి చెవి దగ్గరి ఫోనును వేలితో తట్టి చూసుకున్నాడు, పాడయిందేమోనని.

పిన్ని మేకు కొట్టింది. "ఫ్యాక్ట్" అంది. వాల్వు పూర్తిగా మూయలేదన్న సంగతిని ఆ మేకుకు తగిలించింది.

"...అనుమానం నాకు కలలో కూడా రాలేదండి," అన్నాడు మేస్త్రి.

మధ్యవేలు మడతపడింది. అనుమానం. కానీ పేరు పలక వీధి గుమ్మం మీద అప్పటికే బిగించేశారు. వాక్యం పరుగులో ఉంది. తోక వచ్చి తగులుకుంది. న్యాయమూర్తి చెవిలో పడిన మాట ఇది: వాల్వు పూర్తిగా మూయలేదన్న నిజం అప్పుడు నాకు కలలో కూడా తట్టలేదు. వినడానికి ఎంత చక్కటి ఇంగ్లీషు. ఎక్కడా అతుకు కనబడదు.

మేస్త్రి వకీలుకు తెలుగు రాదు. అతను తృప్తిగా కూర్చున్నాడు. ప్రాసిక్యూటరు లేచాడు. గొంతు పెంచని మనిషి; ఆయన మెత్తగా మాట్లాడితే సాక్షులకు చెమటలు పడతాయని పేరు.

"మేస్త్రి గారూ, మీరు నిజాయితీపరులు. ఆ నిజం మీకు అప్పుడు తట్టలేదు, తరువాత తెలిసింది. అంతే కదా?"

ఆ ప్రశ్నను తెలుగులో మేస్త్రి చెవి ఫోనులోకి అందించాల్సింది పిన్నే. తాను విసిరిన మాటే తిరిగి తన చెవిలోకి వచ్చింది. అయినా ఉన్నదున్నట్టు అందించింది.

"ఏ నిజమండీ?" అన్నాడు మేస్త్రి.

"ఏ నిజం?" అంది పిన్ని ఇంగ్లీషులో. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

"వాల్వు పూర్తిగా మూయలేదన్న నిజం. ఇంతకుముందే మీ నోటితో చెప్పారు."

"నేనా? నేనెప్పుడన్నానండీ? చక్రం బిగిసిందాకా తిప్పానని మొదటినుంచీ మొత్తుకుంటున్నా కదండీ. అమ్మతోడు, నేనా మాట అనలేదు."

"సాక్షి ఇప్పుడు మాట మారుస్తున్నాడు," అన్నాడు ప్రాసిక్యూటరు, న్యాయమూర్తి వైపు తిరిగి, జాలిపడుతున్నట్టు. న్యాయమూర్తి తల ఊపి కలం తీశాడు.

మేస్త్రి బోనులోంచి గాజు గదివైపు చూశాడు. నీళ్ళలో మునిగినవాడు గట్టువైపు చూసిన చూపు అది అని పిన్ని అంటుంది. ఆయనకు ఏం జరిగిందో తెలియదు. తన మాట ఎక్కడో దారి తప్పిందని మాత్రం తెలిసింది.

పిన్ని వేళ్ళు ఇంకా మడిచే ఉన్నాయి. మధ్యవేలి కింద అనుమానం భద్రంగా ఉంది. సందేహానికి తావు లేదు. ఆమె మైకు దగ్గరికి వంగింది. "నేను పొరపాటు చేశాను" అని చెప్పబోయింది. "ఐ" అన్న అక్షరం నోట్లోంచి వెళ్ళిపోయింది.

అక్కడ నాలుక కరుచుకుంది.

ఆ గదిలోంచి వెళ్ళే 'నేను' ఆమె కాదు. బోనులో ఉన్న మనిషి. నేను పొరపాటు చేశాను అని ఆ మైకులో అంటే, బాయిలరు మేస్త్రి తన నేరాన్ని నిండు కోర్టులో ఒప్పుకున్నట్టు రికార్డవుతుంది. మేస్త్రిని బయటపడేయబోయి, తన చేత్తోనే ఆయన తలుపుకు తాళం వేసేది. ఈ ప్రమాదం మరే వృత్తిలోనూ ఉండదు. తప్పు ఒప్పుకోవడానికి సొంత నోరు కూడా లేని ఉద్యోగం అది.

రికార్డులో ఆ చోట ఇప్పటికీ ఒక ఒంటరి 'ఐ' ఉంది. దాని వెనక ఏమీ లేదు. నేను చూశాను.

పిన్ని ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. దీపం పసుపు. తలుపు తీసుకుని బయటికి వచ్చింది. గంట మోగుతున్న చప్పుడు దూరంగా వినిపించింది. సూపరింటెండెంటు చెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించి, "లోపలికి వెళ్ళండమ్మా, కొంప ముంచకండి" అన్నాడు.

"మునిగిందండీ. తీయడానికే వెళ్తున్నా," అని ఆయన పక్కనుంచి నడిచింది. బెంచీల మధ్య దారి పొడుగునా తలలు తిరిగాయి. బోను దగ్గరికి వెళ్ళి, పాత అలవాటుగా కర్రమీద మోచెయ్యి ఆనించింది.

"అనువాదకులు తమ స్థానంలో ఉండాలి," అన్నాడు న్యాయమూర్తి.

"అక్కడ నుంచి నేనేం మాట్లాడినా ఈయన మాట్లాడినట్టే అవుతుందండి. అందుకని వచ్చాను. ఇప్పుడు మాట్లాడుతున్నది దుబాసీ. ఈయన అనుమానం అన్నారు. నేను నిజం అని చెప్పాను. వాక్యం పూర్తికాకముందే మొదలుపెట్టి, లేని పేరు తగిలించాను. తప్పు నాది."

మేస్త్రికి ఈ ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన దుబాసీ ఇప్పుడు ఆయన కోసం మాట్లాడడం లేదు మరి. భయంతో ఆమె భుజం దగ్గర గొణిగాడు: "ఏంటమ్మా, ఏమంటున్నారు నన్ను?"

అక్కడ పిన్ని రెండో పొరపాటు చేసింది. జాలితో చేసింది. తెలుగులో ఆయనకు చెప్పింది: "మేస్త్రి గారూ, తప్పు నాది. మీరన్నది అనుమానం అని. నేను నిజం అని చెప్పాను."

ప్రాసిక్యూటరుకు తెలుగు రాదు. కాని ఆమె సాక్షితో మాట్లాడడం కనబడింది. "సాక్షికి ఏం చెప్పారు?" అన్నాడు మెత్తగా.

ఆమె దాచలేదు. చెప్పింది.

"అంటే, ఏ మాట అనాలో సాక్షికి ఇప్పుడే అందించారు," అన్నాడాయన. "ఇక ఆయన్ని మళ్ళీ అడిగి లాభమేమిటి?"

న్యాయమూర్తి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆయన కోపంగా లేడు, అదే మరీ భయపెట్టిందంటుంది పిన్ని. "ప్రాసిక్యూటరు చెప్పింది నిజమే. ప్రశ్న మళ్ళీ వేయలేను. తెలుగు రికార్డులో లేదు. సాక్షి అనుమానం అన్నారనడానికి మీ మాట తప్ప మరో ఆధారం ఉందా?"

మడిచిన వేళ్ళు ఆధారం కావు.

"ఈ హాలులో ఆ భాష తెలిసినవారు ఇంకెవరైనా ఉన్నారా?"

ముందు బెంచీ చివర కదలిక. బావమరిది లేచాడు. అతను ప్రాసిక్యూషన్ సాక్షి. అంతకుముందే తన సాక్ష్యం చెప్పి కూర్చున్నవాడు. లేవడంతో గోడవైపున్న మెడ అందరికీ కనబడింది. న్యాయమూర్తి అలవాటుగా పిన్నివైపు చూసి, మళ్ళీ చూపు మరల్చుకున్నాడు. ఈ మనిషి మాటను ఇంగ్లీషు చేయాల్సిన మనిషే తప్పు చేసిన మనిషి. మరొక దుబాసీ లేదు.

మేస్త్రి కర్ర వదిలేశాడు. తనను ద్వేషించడానికి ఆ హాలులో అందరికన్న ఎక్కువ హక్కున్నవాడు ఇప్పుడు తన గురించి నోరు విప్పబోతున్నాడని ఏ అనువాదమూ లేకుండానే అర్థమయింది.

బావమరిది వచ్చీరాని ఇంగ్లీషులోనే మొదలుపెట్టాడు. "సస్పిషన్," అన్నాడు. అనుమానానికి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగి నేర్చుకున్న మాట అది. "మా బావ అన్నది సస్పిషన్. మూయలేదన్న సస్పిషన్ నాకు రాలేదు. అదే అన్నాడు. మూశాడో లేదో నాకు తెలియదు. నా చెయ్యి కాలింది. ఆ కోపం వేరు. అన్న మాట మాత్రం అది."

"ఆయన మీ బంధువు," అన్నాడు ప్రాసిక్యూటరు.

"ఆరోజు నుంచి మాటల్లేవండి," అన్నాడు బావమరిది. ఇది తెలుగులో. ఎవరూ అనువదించలేదు.

న్యాయమూర్తి ఒక్కొక్క మాటే చెప్పి రాయించాడు. ఆ వాక్యాన్ని రికార్డు నుంచి కొట్టివేయాలి. సాక్షి తప్పు ఒప్పుకున్నట్టుగా గాని, మాట మార్చినట్టుగా గాని భావించరాదు. సీలు వేసిన వాల్వును నిపుణుడి సమక్షంలో విప్పాలి. అనువాదకురాలు ఈ కేసు నుంచి తప్పుకోవాలి. ఆమె ప్రవర్తనపై కార్యాలయం విచారణ జరపాలి.

వాల్వు విప్పారు. చక్రం తిరుగుతోంది, కాడ దిగుతోంది. అడుగున దారిని మూయాల్సిన బిళ్ళ మాత్రం తుప్పు తిని ఒక పక్క విరిగిపోయి ఉంది. పైన చక్రం బిగిసినా లోపల తోవ తెరిచే ఉంది. ఆ బిళ్ళను ఏళ్ళ తరబడి ఎవరూ మార్చలేదు. మేస్త్రి మీద కేసు కొట్టేశారు. ఆ బిళ్ళను మార్చాల్సినవాళ్ళు బోనెక్కుతారా అన్నది వేరే కథ. ఆ కథ ఇంకా మొదలుకాలేదు. ఎప్పుడు మొదలవుతుందని నేను అడగని ఆఫీసు లేదు.

కార్యాలయ విచారణ మాత్రం ఆలస్యం కాలేదు. పిన్ని పేరు దుబాసీల వరుసలోంచి తీసేశారు. ఉత్తర్వులో ఆమె తప్పుడు అనువాదం గురించి ఒక్క ముక్క లేదు. అనుమతి లేకుండా తన స్థానం విడిచి వెళ్ళిందన్నదే అభియోగం. అప్పీలు వేద్దామన్నాను. వాదన కూడా తయారుచేశాను. మంచి వాదన.

"వద్దులేవే," అంది.

"అన్యాయం కదా పిన్నీ. పొరపాటుకు కారణం ఆ దీపం."

"దీపం పసుపుకు తిరిగింది, అంతే. మేకు కొట్టింది నేను. దీపం మీద తోసేస్తే, గాజు గదిలోంచి బయటికి నడిచినదానికి అర్థమేముంది?"

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. దీపం ఇప్పటికీ ఆ బల్లమీదే ఉంది.

ఇప్పుడు పిన్ని కోర్టు వీధిలోనే, టైపు చేసేవాళ్ళ వరుసలో ఒక బల్ల పెట్టుకుని, అద్దె ఒప్పందాలూ పుట్టిన తేదీ పత్రాలూ అనువదిస్తుంది. కాగితాలు ఆగమంటే ఆగుతాయి; వాటితో ఆమెకు పేచీ లేదు. బాబాయి మధ్యాహ్నం భోజనం తెచ్చి, బల్ల అంచున కూర్చుని, "నా మాటకు మాత్రం ఇంట్లో ఏనాడూ ఆఖరిదాకా ఆగలేదు ఈవిడ" అని పక్కవాళ్ళకు చెబుతుంటాడు.

"మీ మాటకు ఆఖరుంటే కదా," అంటుంది పిన్ని.

నేను అక్కడున్న ఒక రోజు బాయిలరు మేస్త్రి వచ్చాడు. వేరే చోట పని దొరికిందట. పాత ఉద్యోగం పత్రం ఇంగ్లీషులో కావాలి. పిన్నిని చూసి రెండడుగుల అవతలే ఆగిపోయాడు. ఆ బల్ల ఎవరిదో తెలియక వచ్చినట్టున్నాడు. తరువాత వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుని, పత్రం బల్లమీద పెట్టి, దానిమీదినుంచి చెయ్యి తీయలేదు.

"బావమరిది ఎలా ఉన్నాడండీ?" అంది పిన్ని.

"మాట్లాడుతున్నాడమ్మా. పొడిపొడిగా." పత్రం అంచు సర్దాడు. "నేనొకటి చెప్పాలి మీకు."

"చెప్పండి."

"ఆ రోజు మీ మూలంగా నేను జైలుకు పోవలసివచ్చేదన్న కోపం నాకు..."

ఆగాడు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. వీధిలో బస్సు వెళ్ళింది. పక్క బల్ల దగ్గర టైపు చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. నేను మధ్యలో అందుకోబోయాను. బయటికి నడిచి వచ్చింది కూడా ఆవిడే కదా అని చెప్పబోయాను. పిన్ని నావైపు చూడకుండానే బల్లకింద నా మణికట్టు పట్టుకుంది. ఆమె రెండో చెయ్యి బల్లమీద ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే మడతపడ్డాయి.

"...లేదని మాత్రం అనలేనండి," అన్నాడు మేస్త్రి.

పిన్ని పిడికిలి విప్పింది. "సరే," అంది. ఆయన చేతికింది నుంచి పత్రం తీసుకుని, చదవడం మొదలుపెట్టింది.